ఫ్రిజ్‌కు నీళ్ళ కనెక్షన్: ముందుగా అడగవలసిన మూడు ప్రశ్నలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో, ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖలో పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. – సం.)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు కాబట్టి ఈ రోజు మనకు పండుగ రోజయింది. పెన్షను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు స్థిరపరచింది. దాని గురించి నాకన్నా బాగా తెలిసిన పెద్దలు ఇంతకుముందే మాట్లాడారు. డి.ఎ. సంగతీ, వైద్య ఖర్చుల సంగతీ కూడా విన్నాం. కార్యదర్శిగారు మాత్రం నాతో, "మీరు బరువైన విషయాలు ఎత్తకండి. భోజనాల ముందు ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి. మీ ఇంట్లో జరిగిన ఫ్రిజ్ భాగోతం చెప్పినా చాలు" అన్నారు. ఆ భాగోతం మా అపార్టుమెంటులో అందరికీ తెలిసిందే. ఇక మీకు తెలిస్తే కొత్తగా పోయే పరువేమీ లేదు కాబట్టి ఒప్పుకున్నాను.

మొదట కొంచెం పాత కథ. చల్లని నీళ్ళ కోసం మనిషి పడని పాటు లేదు. 1833లో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి గడ్డకట్టిన చెరువుల మంచును కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడలో కలకత్తాకు తెచ్చి అమ్మారు. మద్రాసులో అలాంటి మంచు నిలవచేయడానికి 1842లో కట్టిన భవనమే సముద్రపు ఒడ్డున ఉన్న ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానందులు అక్కడే బస చేశారు కాబట్టి ఇప్పుడు దానిని ఆయన పేరుతో పిలుస్తున్నారు. మన దేశంలో తయారైన ఫ్రిజ్ 1958లో గోద్రెజ్ వారిది వచ్చింది. మన తరంలో చాలామందికి ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు గాని ఇంట్లో ఫ్రిజ్ రాలేదు. అంతవరకు మట్టి కూజాయే మన ఫ్రిజ్. ఇప్పుడు రెండు తలుపుల బీరువా అంత ఫ్రిజ్ వచ్చింది. తలుపుకున్న గూట్లో గ్లాసు పెట్టి నొక్కితే చన్నీళ్ళు, ఇంకో మీట నొక్కితే ఐసు ముక్కలు. బోస్టన్ ఓడ మన వంటింట్లోకే వచ్చేసినట్టు.

అలాంటిది మా ఇంటికి కిందటేడు వచ్చింది. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. సెలవుల్లో వచ్చినప్పుడు, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులతో వంగి సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టడం చూశాడు. మా పాత ఫ్రిజ్‌కు అప్పటికే ఇరవై రెండేళ్ళు. "నాన్నా, ఇక అమ్మ వంగనక్కర్లేదు" అని కొత్తది కొని, అది ఇంటికి చేరకుండానే విమానం ఎక్కేశాడు. కొడుకు తల్లి మోకాళ్ళ కోసం కొన్న వస్తువు. కాదనడానికి నోరెలా వస్తుంది?

నేను అడగని ప్రశ్నలు

ఫ్రిజ్ దించిన మర్నాడు మెకానిక్ వచ్చాడు. "నీళ్ళ పాయింటు ఏది సార్?" అన్నాడు. పాయింటు లేదన్నాను. తనకు తెలిసిన ప్లంబరును పిలిపించాడు. ఆ కుర్రాడు సింకు కింద పైపుకు ఒక టీ బిగించి, పావు అంగుళం తెల్ల ట్యూబును గోడ వెంబడి ఫ్రిజ్ వెనక్కి లాగాడు. మీట నొక్కితే నీళ్ళు సన్నగా, దారంలా వచ్చాయి. "ఫోర్సు చాలదు సార్" అని, ఆర్.ఓ. మిషన్లలో వాడే చిన్న పంపు ఒకటి మధ్యలో పెట్టాడు. నీళ్ళు జోరుగా వచ్చాయి. మొత్తం గంటన్నరలో అయిపోయింది.

ఆ గంటన్నరా నేను హాల్లో కూర్చుని పేపరు చదివాను. మిత్రులారా, నేను 33 ఏళ్ళు నీళ్ళ శాఖలో పనిచేసినవాణ్ణి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళ రక్షిత నీటి పథకాలకు పైపులు వేయించినవాణ్ణి. జాయింటు సరిగా లేదని కంట్రాక్టర్ల బిల్లులు ఆపినవాణ్ణి. అలాంటి నేను నా ఇంట్లో పావు అంగుళం ట్యూబు వేస్తూ ఉంటే లేచి వెళ్ళి చూడలేదు. కాఫీ ఇచ్చాను, డబ్బు ఇచ్చాను, ప్రశ్న మాత్రం ఒక్కటీ అడగలేదు.

ఎందుకని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కొత్త యంత్రం, దీని సంగతి నాకేం తెలుసులే అన్న సంకోచం ఒకటి. రిటైరయినా అన్నిట్లో వేలు పెడతాడన్న మాట రాకూడదన్న బింకం ఇంకొకటి. ఈ రెండూ మన వయసువాళ్ళలో చాలామందికి ఉన్నవే. కాబట్టే ఈ మాటలు చెబుతున్నాను.

ఐదు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మా ఆవిడ వచ్చిన ప్రతి చుట్టానికీ నొక్కి చూపించేది. తర్వాత మనవరాలి అన్నప్రాసనకు బెంగుళూరు వెళ్ళాం. గ్యాసు కట్టాను, లైట్లు ఆర్పాను, తాళం వేసి రెండుసార్లు లాగి చూశాను. ఫ్రిజ్ ఆపలేదు, లోపల ఊరగాయలూ, మందులూ ఉన్నాయి కదా.

తొమ్మిదో రోజు సాయంత్రం ఏడింటికి ఫోను. మాది రెండో అంతస్తు. మా కింద మొదటి అంతస్తులో రిటైరయిన ప్రధానోపాధ్యాయురాలు ఒక్కరే ఉంటారు. "అన్నయ్యగారూ, మా వంటింటి సీలింగు ఉబ్బింది. అటక మీదికి నీళ్ళు కారుతున్నాయి. మీ ఇంట్లో కుళాయి ఏదైనా వదిలేశారా?" అన్నారు. నాకు ఒళ్ళు చల్లబడింది. తాళంచెవి ఎవరికీ ఇచ్చి రాలేదు. వాచ్‌మన్‌ను పిలిచి, డక్టులో ఉన్న మా ఫ్లాటు వాల్వు కట్టమన్నాను. అది పాత గేటు వాల్వు. పదేళ్ళుగా ఎవరూ తిప్పలేదు. బిగుసుకుపోయి కదల్లేదు. చివరికి పైన ట్యాంకు దగ్గర మా వరుస మొత్తానికి నీళ్ళు కట్టేశారు. నేను రాత్రి బస్సెక్కి తెల్లవారి వచ్చేదాకా మూడు ఇళ్ళకు చుక్క నీరు లేదు.

తలుపు తీసి చూస్తే వరదేమీ లేదు. ఫ్రిజ్ వెనుక, పంపు దగ్గర జాయింటు నుంచి బొట్టు బొట్టుగా పడుతోంది. అంతే. ట్యాంకు వాల్వు తెరిపించి, కిందో గ్లాసు పెట్టి గడియారం చూశాను. 200 మిల్లీలీటర్ల గ్లాసు 20 నిమిషాల్లో నిండింది. అంటే గంటకు 600 మిల్లీలీటర్లు, రోజుకు 14 లీటర్ల పైచిలుకు, తొమ్మిది రోజులకు దాదాపు 130 లీటర్లు. మేము వెళ్ళిన రోజునే మొదలై ఉంటే అన్ని నీళ్ళు ఫ్రిజ్ కింద టైళ్ళ సందుల్లోంచి స్లాబులోకి దిగాయన్నమాట.

ట్యూబు లాగి చూశాను. చివర ఏటవాలుగా కోసి ఉంది. జాయింటులోకి సగం దూరమే తోశారు. క్లిప్పు లేదు. పంపు ఆగి నడిచినప్పుడల్లా కొంచెం కొంచెం జారింది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. నేను కర్రే పట్టుకోలేదు.

కింది ఇంట్లో అటక మీద ఆవిడ ట్రంకుపెట్టె ఉంది. మూత తుప్పు పట్టి ఒకచోట చిల్లు పడింది. సరిగ్గా అక్కడే నీళ్ళు కారాయి. అందులో ఆవిడ సర్వీసు కాగితాలు, పి.పి.ఓ. నకలు, వాటి కింద ఒక గుడ్డ సంచిలో కాలం చేసిన భర్త రాసిన ఉత్తరాలు. ఇద్దరూ ఉపాధ్యాయులే. బదిలీల మీద చెరో ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన సిరాతో రాసినవి. పి.పి.ఓ.కు దరఖాస్తు పెట్టుకుంటే నకలు మళ్ళీ వస్తుంది. ఉత్తరాలకు నకలు ఏ ట్రెజరీలో ఉంటుంది?

మా ఆవిడా, ఆవిడా కలిసి రెండు రోజులు ఆ ఉత్తరాలను పాత పేపర్ల మధ్య పెట్టి, మంచం మీద పరచి, ఫ్యాను కింద ఆరబెట్టారు. సగం వరకు అక్షరాలు మిగిలాయి. మిగతావి నీలం మరకలు. నేను క్షమాపణ చెప్పబోతే, "పోనీండి అన్నయ్యగారూ, కావాలని చేశారా ఏమిటి" అన్నారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. సీలింగుకు ప్లాస్టరు వేయించి రంగు వేయించాను. అది డబ్బుతో అయ్యే పని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత కంపెనీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆ రోజు ప్లంబరును నేను అడగవలసిన ప్రశ్నలు మూడే మూడని తేలింది. ఏ నీళ్ళు? ఎంత ఒత్తిడి? కట్టేది ఎక్కడ?

ఏ నీళ్ళు?

ఈ యంత్రం పుట్టిన దేశాల్లో పైపులో ఇరవై నాలుగు గంటలూ నీళ్ళుంటాయి. అవి నేరుగా తాగే నీళ్ళు. అక్కడ ట్యూబును ఏ పైపుకు తగిలించినా దాదాపు చెల్లుతుంది. మన దగ్గర అలా కాదు. 2021లో ఒడిశాలోని పూరీ పట్టణంలో కుళాయి నీళ్ళు నేరుగా తాగేలా ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలుపెడితే అది దేశమంతా చెప్పుకునే వార్త అయింది. మన ఇళ్ళలో చాలావాటికి నీళ్ళు ఏ పూటో కాసేపు వస్తాయి. సంపులో నిలవ ఉంటాయి. బోరు నీళ్ళతో, వేసవిలో ట్యాంకరు నీళ్ళతో కలుస్తాయి. తర్వాత మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి. మా ప్లంబరు ట్యూబు తగిలించింది ఆ ట్యాంకు పైపుకే. మేము గిన్నెలు కడిగే నీళ్ళనే ఐదు నెలలు చల్లగా తాగాం.

"ఫ్రిజ్‌లో ఫిల్టరు ఉంది కదా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. సాధారణంగా అందులో ఉండేది బొగ్గు ఫిల్టరు. అది వాసననూ, క్లోరిన్ రుచినీ తీసేస్తుంది, కొంత మట్టిని ఆపుతుంది. సూక్ష్మజీవులను చంపడం దాని పని కాదు. సూక్ష్మజీవుల పరంగా క్షేమమని తెలియని నీటికి వాడవద్దని పుస్తకంలోనే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. పైగా క్లోరిన్ పోయిందంటే నీటికున్న కాపలా పోయినట్టే. సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మనం నిబంధన పెట్టుకున్నది ఊరికే కాదు.

ఇంకో అపోహ, చల్లదనానికి క్రిములు చస్తాయని. చావవు. పెరగడం నెమ్మదిస్తుంది, అంతే. ఐసులో కూడా చాలా రకాలు బతికే ఉంటాయి. కామెర్లు తెచ్చే వైరస్ గడ్డకట్టినా చావదు. అశుభ్రమైన నీళ్ళతో చేసిన ఐసు అశుభ్రమైన ఐసే.

నేను మా ట్యాంకు నీళ్ళు సీసాలో పట్టి లాబొరేటరీలో ఇచ్చాను. కోలిఫారం ఉందని వచ్చింది. మా అదృష్టం బాగుండి ఎవరమూ మంచాన పడలేదు. కాని ఆ నీళ్ళు తాగినవాళ్ళలో సెలవులకు వచ్చిన మనవడు కూడా ఉన్నాడు. ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి కనెక్షన్ ఇచ్చేముందు నీళ్ళు పరీక్ష చేయించండి. ఇంట్లోనే చేసుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు కూడా ఉన్నాయి. గీత వరకు నీళ్ళు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు ఉంచితే, నీళ్ళు నల్లగా మారాయంటే అనుమానించవలసిందే. టి.డి.ఎస్. కూడా చూడండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిదని భారతీయ ప్రమాణం. అంతకంటె తక్కువ ఉంటే సాధారణంగా ఆర్.ఓ. అవసరం రాదు. నీళ్ళు తేటగా ఉంటే ముందు మట్టి ఫిల్టరు, తర్వాత అతినీలలోహిత దీపం ఉన్న శుద్ధి యంత్రం చాలు. ఉప్పు నీళ్ళయితే ఆర్.ఓ. కావాలి. ఏదైనా సరే, శుద్ధి ముందు, ఫ్రిజ్ తర్వాత. ఈ వరుస తప్పకూడదు.

ఎంత ఒత్తిడి?

ఇది మన ఇళ్ళలో వచ్చే రెండో చిక్కు. ఇలాంటి ఫ్రిజ్‌లకు నీళ్ళ ఒత్తిడి చదరపు అంగుళానికి 20 నుంచి 120 పౌన్ల మధ్య ఉండాలని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. కొందరు కనీసం 30 అంటారు. మన ట్యాంకు ఎంత ఇస్తుందో లెక్క వేయడం కష్టం కాదు. ట్యాంకులో నీటి మట్టం మీ వంటింటి పాయింటు కంటే ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చూడండి. దాన్ని 2.31తో భాగించండి. మా ఇంట్లో ఆ ఎత్తు సుమారు 24 అడుగులు. అంటే పదిన్నర పౌన్ల లోపే. 20 పౌన్లు రావాలంటే 46 అడుగుల ఎత్తు కావాలి. ఐదంతస్తుల మేడలో కింది ఇంటివారికి వస్తే రావచ్చు, పై ఇంటివారికి రాదు.

ఒత్తిడి తక్కువైతే నీళ్ళు సన్నగా రావడమే కాదు. లోపల కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు ఉంటుంది. అది గట్టిగా మూసుకోవడానికి కూడా నీటి ఒత్తిడే సాయం. ఒత్తిడి చాలకపోతే అది పూర్తిగా మూసుకోక, ఐసు పెట్టెలోకి బొట్లు పడి, నీళ్ళు వెళ్ళే గొట్టంలోనే గడ్డ కడుతుంది. అప్పుడు యంత్రం చెడిపోయిందనుకుంటాం.

ఆర్.ఓ. నుంచి ఇస్తే సరిపోతుందా అని అడుగుతారు. గోడకు తగిలించే మామూలు ఆర్.ఓ.లో శుద్ధి అయిన నీళ్ళు దాని సొంత డబ్బాలోకి పడతాయి. ఆ డబ్బా నీళ్ళకు ఒత్తిడి దాదాపు ఉండదు. కాబట్టి ఒత్తిడి ట్యాంకు ఉన్న రకమైనా తీసుకోవాలి, లేదా ఆ డబ్బా నుంచి ఫ్రిజ్‌కు చిన్న పంపు పెట్టాలి. పంపు పెడితే రెండు స్విచ్చులు తప్పనిసరి. లైను నిండగానే పంపును ఆపేది ఒకటి, నీళ్ళు లేనప్పుడు పంపు ఊరికే తిరగకుండా ఆపేది ఒకటి. పంపు ఎంత ఒత్తిడి దగ్గర ఆగుతుందో కూడా అడిగి, అది ఫ్రిజ్ పుస్తకంలో రాసిన హద్దుకు లోపలే ఉండేలా చూసుకోండి.

కట్టేది ఎక్కడ?

మూడోదే నాకు ఆ ఉత్తరాల మరకలు నేర్పిన పాఠం. ఫ్రిజ్‌కు వెళ్ళే లైనుకు వేరుగా ఒక వాల్వు ఉండాలి. అది ఫ్రిజ్ వెనుక ఉండకూడదు. నిలబడి చేయి చాపితే అందేచోట ఉండాలి. బాల్ వాల్వే పెట్టించండి, పొడుగు పిడి ఉన్నది. కీళ్ళ నొప్పులున్న చేతికి కూడా పావు తిప్పు చాలు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. కళ్ళజోడు లేకపోయినా తెలుస్తుంది. పైపుకు సూదితో చిల్లు పొడిచి బిగించే క్లాంపు వాల్వులు కూడా దొరుకుతాయి. పని తొందరగా అవుతుందని అవి పెడతామంటారు. ఒప్పుకోకండి. కొన్నాళ్ళకు కారడానికీ, మూసుకుపోవడానికీ అవి పేరుపడ్డవి.

అలాగే మీ ఇంటి అసలు వాల్వు ఎక్కడుందో ఇంటికి వెళ్ళగానే చూడండి. మూడు నెలలకొకసారి తిప్పి వదలండి. తిప్పని వాల్వు గోడకు తగిలించిన బొమ్మతో సమానం.

పని జరుగుతున్నప్పుడు

ప్లంబరు వచ్చినప్పుడు పేపరు పక్కన పెట్టి, ఒక కుర్చీ వంటింట్లో వేసుకుని కూర్చోండి. ఈ కిందివి చూడండి.

ట్యూబు కొత్తది కావాలి. మధ్యలో అతుకులు లేకుండా ఒకే ముక్క వేయాలి. వేడి నీళ్ళ పైపుకూ, స్టవ్వుకూ దూరంగా పోవాలి. ఫ్రిజ్‌ను తుడవడానికి ముందుకు లాగితే ట్యూబు లాక్కుపోకుండా, వెనుక ఐదారు అడుగుల ట్యూబును చుట్టగా వదలాలి.

ట్యూబు చివరను పదునైన బ్లేడుతో నిట్టనిలువుగా కోయాలి. జాయింటులో ఎంత దూరం పోవాలో పెన్నుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు దాకా తోయాలి. తర్వాత వెనక్కి లాగి చూడాలి. రాకపోతే క్లిప్పు వేయాలి.

ఫ్రిజ్‌కు తగిలించేముందు ట్యూబును బకెట్లో పెట్టి కొంతసేపు నీళ్ళు వదలాలి. పైపులోని మట్టీ, ప్లాస్టిక్ పొట్టూ ఆ బకెట్లోకి పోవాలి గాని ఫ్రిజ్ వాల్వులోకి పోకూడదు.

తగిలించాక, ఫ్రిజ్‌ను వెనక్కి తోసేయకుండా, ప్రతి జాయింటు కింద పొడి పేపరు పరచి ఒక రాత్రి ఉంచండి. తడి కంటికి కనిపించకపోయినా పేపరు మీద మచ్చ కనిపిస్తుంది. మర్నాడు పేపరు పొడిగా ఉంటేనే ఫ్రిజ్‌ను మెల్లగా తోయండి. ట్యూబు మడతపడకుండా, చక్రం కింద నలగకుండా చూడండి. ఈ ఒక్క రాత్రి పరీక్ష చేసి ఉంటే మా కథ ఇలా ఉండేది కాదేమో.

మొదట వచ్చే పది పన్నెండు లీటర్ల నీళ్ళు మొక్కలకు పోయండి. మొదటి రోజు ఐసు పారేయండి. ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువుకు, సాధారణంగా ఆరు నెలలకు, మార్చండి. మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి.

నీళ్ళున్నచోట కరెంటు జాగ్రత్త. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు గోడకున్న సాకెట్లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పడేసి ఫ్రిజ్ నడపకండి. ఫ్రిజ్ కింద తడి కనిపిస్తే, మొదట పొడి చేత్తో స్విచ్చి ఆపి, తర్వాత వాల్వు కట్టి, ఆ తర్వాతే తుడవడం.

అసలు కావాలా?

చివరగా ఒక మాట. ఇది విదేశాల నుంచి, హైదరాబాదు, బెంగుళూరుల నుంచి అమ్మానాన్నలకు ప్రేమతో వస్తువులు కొని పంపే పిల్లలకు. నాయనా, అమ్మా, కొనేముందు ఒక్కసారి ఫోను చేసి ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబు సరిగా రాకపోతే, లైను అక్కర్లేకుండా లోపలి డబ్బాలో నీళ్ళు పోసుకునే రకం ఫ్రిజ్‌లు ఉన్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళు పోసుకుంటే సరి. ఇప్పటికే లైను రకం కొని ఉంటే కంగారు లేదు. నీళ్ళ కనెక్షన్ ఇవ్వకపోయినా ఫ్రిజ్ ఫ్రిజ్‌గా పనిచేస్తుంది. ఐసు తయారుచేసే మీట మాత్రం ఆపివేసి ఉంచాలి.

మేము మళ్ళీ కనెక్షన్ పెట్టించుకున్నాం. ఎందుకంటే మా ఆవిడ మోకాళ్ళ నొప్పి నిజం, మా అబ్బాయి కోరిక కూడా నిజం. ఈసారి శుద్ధి యంత్రం తర్వాత పెట్టించాను. సింకు పక్కన నడుము ఎత్తులో ఎర్ర పిడి వాల్వు పెట్టించాను. పని జరిగిన రెండు గంటలూ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్లంబరు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను. పోయేటప్పుడు, "సార్, మీరు మా లైనులోనే పనిచేశారా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు ఊరెళ్ళేటప్పుడు మా ఇంట్లో జాబితా ఇలా ఉంటుంది. గ్యాసు, లైట్లు, పంపు స్విచ్చి, ఐసు మీట, ఎర్ర పిడి, తాళం. తాళంచెవి ఒకటి కింది ఇంటి పంతులమ్మగారి దగ్గర ఉంటుంది. నేను ఇవ్వబోతే, "నాకెందుకండీ బాధ్యత" అంటారేమో అనుకున్నాను. ఆవిడ తీసుకుని, దేవుడి గూట్లో పెట్టుకున్నారు. పోయిన నెల మేము తిరుపతి వెళ్ళినప్పుడు, అడగకుండానే రెండో రోజు పైకి వెళ్ళి, ఫ్రిజ్ కింద నేల చేత్తో తడిమి చూసి, "అంతా పొడిగానే ఉంది అన్నయ్యగారూ, నిశ్చింతగా దర్శనం చేసుకోండి" అని ఫోను చేశారు.

మీరందరూ ఈ రోజు ఇంటికి వెళ్ళాక పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఉత్తరాలుంటే అవీ పెట్టండి. తర్వాత మీ నీళ్ళ వాల్వు తిరుగుతుందో లేదో తిప్పి చూడండి. తిరగకపోతే రేపే ప్లంబరును పిలవండి.

భోజనాల వేళ అయింది.